మేపుల్ అడవిలో పానకం వేట

పోయినేడు శ్రీరామనవమి నాడు మా గుడి చెత్తబుట్టలో నలభై ఒక్క గ్లాసుల పానకం తాగకుండా పడేసి ఉంది. లెక్కపెట్టింది సుభద్రమ్మగారు. నోవై చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఆవిణ్ణి ఎరగనివాళ్లు లేరు. అమలాపురం దగ్గర పుట్టి, ముప్పై ఏళ్లుగా మిషిగన్ మంచులో మడి కట్టుకుని గుడి వంటశాల నడుపుతున్నారు. పులిహోరలో ఉప్పు తగ్గిందన్నా ఊరుకుంటారు గానీ, ప్రసాదం పారేస్తే ఊరుకోరు. కానీ పారేసింది పిల్లలాయె. ఎవరిని పట్టుకుని అడుగుతారు? ఆ బాధ ఏడాదంతా మనసులోనే పెట్టుకున్నారు.

ఈ ఫిబ్రవరిలో గుడి కమిటీ మీటింగ్‌లో ఎవరో, "ఈసారి పిల్లలకి జ్యూస్ ప్యాకెట్లు ఇచ్చేద్దాం, వేస్ట్ అవ్వదు" అన్నారు. సుభద్రమ్మగారి మొహం చూడలేక నేను నోరు జారాను. "మేపుల్ సిరప్‌తో పానకం చేస్తే తాగుతారేమో" అన్నాను. ఈ ఒక్కసారికి చూద్దామనీ, మళ్లీ చెత్తబుట్ట పాలైతే వచ్చే ఏడాది నుంచి జ్యూసేననీ కమిటీ తేల్చింది. పూజారిగారిని అడిగితే, "చెట్టు ఇచ్చిందే కదా, పనికొస్తుంది. శుచిగా కాచాలి, నైవేద్యానికి ముందు ఎవరూ రుచి చూడకూడదు. అంతే" అన్నారు. ఆ "అంతే" కోసం మేము నాలుగు రోజులు తిరిగాం.

కొట్లో సీసా కొనడానికి సుభద్రమ్మగారు ఒప్పుకోలేదు. "ఎవరు వేలు పెట్టి నాకారో ఎవడు చూశాడు? చెట్టు దగ్గర్నుంచి డబ్బాలోకి నా కళ్ల ముందు రావాలబ్బాయ్" అన్నారు. నోరు జారినవాడే కారు తియ్యాలి. ఆఫీస్‌లో నాతోపాటు కార్ల సీట్లు టెస్ట్ చేసే ఒకతని మేనమామ ఉత్తరాన మేపుల్ తోట చూసుకుంటాడని తెలిసి, ఫోన్ చేసి, స్ప్రింగ్ బ్రేక్‌లో ఖాళీగా ఉన్న మా అమ్మాయి నిత్యను కూడా ఎక్కించుకుని బయల్దేరాను. నిత్యకి పద్నాలుగేళ్లు.

అరచేతిలో ఊరు

మిషిగన్ మ్యాపు అచ్చం అరచేయిలా ఉంటుంది. అందుకని ఇక్కడివాళ్లని మీదే ఊరని అడిగితే నోటితో చెప్పరు, కుడిచెయ్యి ఎత్తి ఎడమచేతి వేలితో పొడిచి చూపిస్తారు. మా నోవై బొటనవేలి మొదట్లో ఉంది. మేం వెళ్లాల్సింది ఉంగరపు వేలి కొసకి.

"చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లను చూశాను గానీ, ఊరు చెప్పేవాళ్లను ఇక్కడే చూశాను" అన్నారు సుభద్రమ్మగారు. ఆవిడ వేషం చూడాలి. నేత చీర, దాని మీద మా ఆవిడ ఇచ్చిన పఫ్ఫీ జాకెట్, కాళ్లకి స్నో బూట్లు, ఒళ్లో ఇత్తడి చెంబు. వెనక సీట్లో మూడు గిన్నెల పులిహోర, పెరుగన్నం, మాగాయ జాడీ, నెయ్యి సీసా. నాలుగు రోజుల ప్రయాణానికి నలభై రోజుల సరంజామా.

ఇంటి దగ్గర మంచు కరిగి బురదైంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ బురద మళ్లీ మంచైంది. మార్చి నెలాఖరులో వెనక్కి నడిచి జనవరిలోకి వెళ్తున్నట్టుంది. రెండు గంటలు డ్రైవ్ చేశాక నిత్య ఆకలన్నది.

పాన్‌కేకుల దగ్గర

హైవే పక్కన చిన్న డైనర్‌లో ఆగాం. మూడు పాన్‌కేకులు, గ్లాసుడు పాలు కలిపి పదమూడు డాలర్లు. అసలైన మేపుల్ సిరప్ కావాలంటే ఇంకో రెండు డాలర్లు. బల్ల మీద ఊరికే పెట్టింది మొక్కజొన్న పాకం, రంగు మాత్రం మేపుల్‌ది. వడ్డించే ఆవిడ ఎక్కడికని అడిగితే నేనూ చెయ్యెత్తి ఉంగరపు వేలి కొస చూపించాను. ఆవిడ ఎంత సంతోషించిందంటే రెండు డాలర్ల సిరప్ ఉత్తినే ఇచ్చింది.

సుభద్రమ్మగారు బయట ఏమీ తినరు. చెంబులో నీళ్లు తాగుతూ నిత్య తినడం చూస్తున్నారు. నిత్య సిరప్ పోసుకుని, చివరి చుక్క కూడా వేలితో తుడుచుకుని నాకింది.

"ఇదే పానకంలో పోస్తే తాగుతావుటే?" అన్నారు.

నిత్య ఫోర్కు కింద పెట్టింది. నా వైపు చూసింది. "అమ్మమ్మగారూ, ఐ హావ్ టు టెల్ యూ సమ్‌థింగ్. లాస్ట్ ఇయర్ నేను కూడా త్రో చేసా. సారీ."

నా గొంతులో కాఫీ అడ్డం పడింది. కూతురు చేసిన పని నాకే తెలీదు. సుభద్రమ్మగారు చెంబు బల్ల మీద పెట్టారు.

"మిరియం ఘాటా?"

"నో, ఘాటు ఓకే. ఐ లైక్ ఇట్. కింద ఇసుక ఉంది. పళ్లలో కరకర. అందరికీ అలాగే వచ్చింది. మీకు చెప్తే ఫీల్ అవుతారని ఎవ్వరూ చెప్పలేదు."

"ఇసుకా! నేను రెండుసార్లు వడగట్టానే!" అన్నారు ఆవిడ. డైనర్‌లో నలుగురు తిరిగి చూశారు.  పిల్లలకి మన రుచులు పడట్లేదని ఆవిడ ఏడాదిపాటు కుమిలారు పాపం. చివరికి తేలింది బెల్లంలో ఇసుక. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

చెట్లు పలకని రోజు

వాల్ట్‌కి డెబ్బై నాలుగేళ్లు. మేం వెతుక్కుంటూ వెళ్లిన తోట మేనమామ ఆయనే. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. టోపీ తియ్యడు. ఆయన భార్య జూన్ వెర్మాంట్ నుంచి వచ్చిన మనిషి, నవ్వకుండా మాట్లాడదు. వాళ్ల ఇంగ్లిష్‌ని నేను సుభద్రమ్మగారికి తెలుగులోనూ, ఆవిడ తెలుగుని వాళ్లకి ఇంగ్లిష్‌లోనూ మోశాను. మధ్యలో కొన్ని మాటలు కావాలనే పారబోశాను. ఇద్దరి మేలు కోరే ఆ పని చేశానని మనవి.

రెండో రోజు పొద్దున్నే తోటలోకి తీసుకెళ్లారు. మూడొందల చెట్లు ఉంటాయేమో. ఒక్కో చెట్టుకి నడుమెత్తులో డ్రిల్‌తో చిన్న బెజ్జం, అందులో చిటికెనవేలంత గొట్టం, దానికి మూత ఉన్న రేకు బకెట్. పెద్ద తోటలవాళ్లు చెట్టుకీ చెట్టుకీ ప్లాస్టిక్ పైపులు కట్టి మోటారుతో లాగేస్తారట. వాల్ట్‌కి అది ఇష్టం లేదు. "బకెట్‌లో చుక్క పడ్డ చప్పుడు వినకపోతే నాకు వసంతం వచ్చినట్టుండదు" అన్నాడు.

కానీ ఆ పొద్దున చప్పుడే లేదు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగితేనే చెట్టులో రసం కదులుతుంది. ఈసారి చలి వదలక, రసమే పారలేదట. అన్ని బకెట్లూ ఖాళీ. నవమి ఇంకా వారమే ఉంది. సుభద్రమ్మగారు ఒక చెట్టు దగ్గర నిలబడి, జాకెట్ జేబులోంచి చేతులు తీసి, బెరడు మీద అరచెయ్యి వేసి, "తల్లీ, పిల్లల కోసం అడుగుతున్నాను" అన్నారు. ఆ మాట మాత్రం నేను అనువాదం చెయ్యలేదు. వాల్ట్ టోపీ కొంచెం సర్దుకున్నాడు, అర్థమైనట్టే ఉంది.

ఖాళీగా కూర్చోబెట్టడం జూన్‌కి చేతకాదు. పోయినేటి సిరప్ కాచి, శుభ్రమైన మంచు మీద తీగలా పోసింది. మన జీళ్లపాకంలా సాగింది. దాన్ని ఫోర్కుతో చుట్టుకుని తిని, మధ్యమధ్య పుల్లటి దోసకాయ ఊరగాయ కొరుక్కోవాలి. వాళ్ల వెర్మాంట్‌లో అదే ఆచారమట. తీపి మొహం మొత్తకుండా పులుపు. సుభద్రమ్మగారు తినలేదు గానీ ఆ పద్ధతిని ఎంతో మెచ్చుకుని మాగాయ జాడీ తెచ్చి పెట్టారు. జూన్ ఒక టెంక చప్పరించి, కళ్లనీళ్లు తుడుచుకుని, ఇంకోటి తీసుకుంది.

మధ్యాహ్నం రెండింటికి ఎండ వచ్చింది. ముందు ఒక చెట్టు, తర్వాత నాలుగు, కాసేపటికి అడవంతా టప్ టప్‌మంటూ మొదలైంది. మూతలెత్తి చూస్తూ పరుగులు పెట్టాం. మా పానకానికి వాడని ఒక చెట్టు దగ్గర నిత్య వేలితో ఒక చుక్క నాలుక మీద వేసుకుని, "నాన్నా, ఇట్స్ జస్ట్ వాటర్!" అంది. నిజమే. కొబ్బరినీళ్లలో సగం తీపి కూడా లేదు. నలభై బకెట్ల నీళ్లు మరిగిస్తే ఒక బకెట్ సిరప్. ఆ ఉత్సాహంలో నేను ఫోటో తీయబోయి, మోకాలిలోతు మంచులో కూరుకుపోయి, ఒక బూటు అక్కడే వదిలేసి ఒంటికాలి మీద వచ్చాను. వాల్ట్ వెళ్లి దాన్ని పారతో తవ్వి తెచ్చాడు.

వేలాడే ముక్క

మూడో రోజు పొద్దున్నే కాచే పాకలోకి వెళ్లాం. కట్టెల పొయ్యి మీద మంచమంత పెనం. శీతాకాలమంతా మూలన ఉండటంతో వేడినీళ్లతో రుద్ది కడిగి ఉంచారు. ఇదే ఈ ఏటి మొదటి కాపు. పెనానికి జానెడు ఎత్తున, దూలం నుంచి దారంతో ఒక తెల్లటి ముక్క వేలాడుతోంది.

"అదేవిటీ? దిష్టికా?" అన్నారు సుభద్రమ్మగారు.

అడిగాను. వాల్ట్ ఎంతో సంతోషంగా చెప్పాడు. రసం మరుగుతుంటే నురుగు పొంగుకొస్తుంది. పొంగి ఆ ముక్కని తాకగానే కొవ్వు తగిలి కిందికి దిగిపోతుంది. తాతగారి కాలం నుంచీ అంతే. పంది కొవ్వు.

ఈ మాట పారబోయడానికి వీల్లేదు. చెప్పేశాను. సుభద్రమ్మగారు "రామ రామ" అంటూ గుమ్మం దాకా వెనక్కి నడిచారు. "నాన్నా, నిన్న నేను తిన్న సిరప్‌లో కూడా..." అని నిత్య గొణిగింది. మా ఇంట్లో ఆదివారాలు కోడికూర ఉంటుంది కాబట్టి నేను కంగారుపడలేదు, దాన్ని మాత్రం నోరు మూసుకోమన్నాను.

ఇంతదూరం వచ్చి ఉత్తచేతులతో వెళ్లడమేనా అనుకుంటుండగా సుభద్రమ్మగారే తేరుకున్నారు. "మా మేనమామగారి ఊళ్లో బెల్లం వండేవాళ్లు. పొంగితే ఆవదం చుక్క వేసేవాళ్లు. కొవ్వు ఏదైతేనేం అబ్బాయ్, నెయ్యి వెయ్యమను." కారులోంచి నెయ్యి సీసా వచ్చింది. వాల్ట్ దారం కోసి ముక్క తీసేశాడు. ఆవిడ ముచ్చట కోసం పెనం మళ్లీ మూడుసార్లు కడిగాడు. మూడోసారి కడుగుతూ, "మా అమ్మ కూడా ఇంత పట్టుబట్టలేదు" అని గొణిగాడు.

మంట రాజేశారు. పాకంతా తియ్యటి ఆవిరి. పదిన్నరకి నురుగు లేచింది, అంచు దాకా వచ్చింది. సుభద్రమ్మగారు చెంచా కొసతో ఒకే ఒక్క చుక్క నెయ్యి జార్చారు. నురుగు కుంగి, పాలపొంగు మీద నీళ్లు చల్లినట్టు అణిగిపోయింది. వాల్ట్ సీసా చేతిలోకి తీసుకుని వాసన చూసి, "దీన్ని ఏమంటారు?" అన్నాడు. "గీ" అన్నాన్నేను. "నెయ్యి" అని దిద్దారావిడ. మధ్యాహ్నానికల్లా వాల్ట్ "నెయ్" అనడం నేర్చేసుకున్నాడు.

చెంచా దగ్గర పేచీ

మూడింటికి రసం తేనెరంగులోకి వచ్చింది. వాల్ట్ వెడల్పాటి గరిటె ముంచి ఎత్తాడు. చుక్కలు విడివిడిగా పడకుండా, ఒకదానికొకటి కలిసి రెక్కలా జారాయి. ఆయన థర్మామీటర్ చూసేలోపే, "లేతపాకం వచ్చింది, ఇంక దింపచ్చు" అన్నారు సుభద్రమ్మగారు. సరిగ్గా అంతే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలూపారు. నేను లేకుండానే మాట్లాడుకుంటున్నారు కదా అని సంబరపడ్డాను.

అప్పుడే వాల్ట్ జేబులోంచి చిన్న చెంచా తీశాడు.

"వద్దు! వద్దనవయ్యా!" అని అరిచారావిడ.

చెప్పాను. నైవేద్యానికి ముందు ఎవరూ రుచి చూడకూడదు. ఆయన చెంచా దించలేదు. "నేను రుచి చూడకుండా ఒక్క డబ్బా కూడా ఈ గుమ్మం దాటదు. చూడకుండా కావాలంటే వేరే తోటకి వెళ్లండి. తప్పుగా అనుకోవద్దు" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇచ్చాడు, సిరప్ కాచేవాడు ఇవ్వట్లేదు. అడకత్తెరలో పోకచెక్కనై మధ్యలో నిలబడ్డాను. జూన్ నవ్వడం మానేసింది.

"ఎందుకట అంత పట్టుదల?" అన్నారు సుభద్రమ్మగారు.

వాల్ట్ పొయ్యిలో ఒక కట్టె పెట్టి చెప్పాడు. వాళ్ల నాన్నకి జబ్బు చేసిన ఏడాది ఆయన ఒక్కడే కాచాడట. పని తెమలక, రుచి చూడకుండా డబ్బాలు నింపేశాడు. అప్పటికే చెట్లు మొగ్గ తొడిగాయి. మొగ్గ తొడిగాక వచ్చే రసం కాస్తే కంపు కొడుతుంది. చర్చి‌లో ఊరంతటికీ పాన్‌కేకుల విందుకి అదే సిరప్. ఎవ్వరూ ఏమీ అనలేదు. అందరూ బాగుందన్నారు. చివర్లో బల్లలు తుడుస్తూ చెత్తబుట్ట మూత ఎత్తితే, సిరప్‌లో నానిన పాన్‌కేకులు పళ్లేలతో సహా అందులో ఉన్నాయట.

"అందరూ మర్యాదస్తులు" అన్నాడు. "నాన్నకి చెప్పలేదు. ఆ రోజు నుంచీ నా నాలుక మీద పడకుండా ఏదీ పోదు. మీ దేవుడైనా సరే. చెడ్డదైతే ముందు నాకు తెలియాలి, ఆయనకి కాదు."

ఈసారి ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పాను. 

 సుభద్రమ్మగారు జాకెట్ జిప్పు పైకి లాక్కుని, "అడవిలో ఆ ముసలావిడ ప్రతి పండూ కొరికి చూసి మరీ పెట్టింది. పుల్లటిది ఆయన నోట్లో పడకూడదని. ఆయన తినలేదూ?" అన్నారు. "చూడమను. నిండా చూడమను."

వాల్ట్ చెంచా ముంచి, ఊది, నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.  "బాగుంది" అన్నాడు.

ఉన్ని సంచి

దింపగానే, సలసల కాగుతుండగానే, మందపాటి ఉన్ని సంచిలో పోసి వడగట్టారు. సిరప్ దిగాక సంచి అడుగున ఏదో బూడిదరంగు ముద్ద మిగిలింది. వాల్ట్ దాన్ని వేళ్లతో నలిపి చూపించాడు. కరకర. చెట్టులో ఉండే ఖనిజమే కాగి అలా అవుతుందట. వీళ్లు దాన్ని ఇసుక అనే పిలుస్తారు.

"ఇక్కడా ఇసుకేనా!" అన్నారు సుభద్రమ్మగారు. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇసుక తన ఒక్కదాని తప్పు కాదు, లోకమంతా ఉన్నదే. ఆవిడ బెల్లం చల్లారాక పల్చటి గుడ్డలో వడగట్టేవారు. వేడి మీదే, మందపాటి ఉన్నిలో వడగట్టాలన్నమాట. పైగా ఉన్ని మడికి పనికొచ్చే బట్టే. జూన్ ఒక కొత్త సంచి బహుమతిగా ఇచ్చింది. సిరప్ గాలన్ అరవై డాలర్ల చొప్పున రెండు గాలన్లు తీసుకున్నాం. ఆ ధరకి ఎంత బెల్లం వస్తుందో ఆవిడ నాకు వినిపించలేదు, అదే పదివేలు. నెయ్యి సీసా వాల్ట్ దగ్గరే ఉండిపోయింది. నాలుగో రోజు పొద్దున్నే ఇంటిదారి పట్టాం.

నవమి

గుడిలో మొదటి పనిగా సుభద్రమ్మగారు పూజారిగారి ఎదురుగా నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పేశారు. చెంచా సంగతితో సహా. "అడిగితే చెబుదాం" అని దారి పొడుగునా నేను ఇచ్చిన సలహా ఆవిడ చెవికి ఎక్కలేదు. పూజారిగారు ఒక క్షణం ఆలోచించి, "ఆ అడవి కథ ఏటా మీకు చెప్పేది నేనే కదమ్మా" అని బిందె అందుకుని లోపలికి వెళ్లారు.

మేపుల్ పానకం, మిరియం, యాలకులు, శొంఠి. రంగు కాస్త లేత, వాసనలో కొంచెం కట్టెల పొగ. పిల్లలు వరసలో నిలబడ్డారు. నిత్య ముందు నిలబడి, గ్లాసు ఎత్తి, అందరూ చూస్తుండగా గటగటా తాగేసి, "నో ఇసుక, గైస్!" అని ప్రకటించింది. ఆ మాటతో వరస కదిలింది. ఒకడు మిరియం ఘాటుకి దగ్గుతూ మళ్లీ వరస చివరికి పరుగెత్తాడు.

అన్నీ అయ్యాక సుభద్రమ్మగారు ఎవరితోనూ మాట్లాడకుండా చెత్తబుట్ట దగ్గరకు వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. ఆవిడ చెయ్యి మూత మీద కాసేపు ఆగింది. ఎత్తారు. నిండా గ్లాసులే. ఒకటొకటే వంచి చూశారు. అన్నీ ఖాళీ. ఒక్క గ్లాసులో మాత్రం సగం ఉంది, బుట్ట పక్కన గట్టు మీద. "ఇదెవరిదీ?" అన్నారు. నాదే, వీడియో తీస్తూ మరిచిపోయాను. అక్కడే నిలబెట్టి తాగించారు.

"వాల్టుగారికి ఫోన్ కలుపు" అన్నారు తర్వాత. కలిపి స్పీకర్ పెట్టాను. నేను నోరు తెరిచేలోపే ఫోన్ లాక్కుని, తనకి వచ్చిన ఇంగ్లిష్‌లో అరిచారు. "హలో వాల్టుగారూ! డస్ట్‌బిన్ ఐ ఓపెన్! ఆల్ కప్స్ ఎంప్టీ!"

  అటునుంచి ఆయన మెల్లగా, "అన్నీ వంచి చూశారా?" అన్నాడు.

దీనికి అనువాదం అవసరం పడలేదు. "ఆల్!" అన్నారు సుభద్రమ్మగారు, కళ్లు తుడుచుకుంటూ.